పార్కుకొచ్చిన నాగప్ప

"తాతా, పాము!"

మునిరత్నమ్మ మనవరాలి నోటి మీద మెల్లగా తట్టింది.

"పాము అనగూడదమ్మా. నాగప్ప అను."

వెంకటరాయప్ప చేతిలోని చిత్రాన్నం ముద్ద నోటిదాకా పోకుండానే ఆగిపోయింది.

నాలుగు బారల దూరంలో, క్రోటన్ మొక్కల కిందినుంచి నాగుపాము బయటికి వచ్చింది. గోధుమరంగు ఒళ్ళు ఎండకు నిగనిగలాడుతోంది.

చిక్కబళ్ళాపుర జిల్లా అయిన మరుసటి ఏడాది అది. వేసవి సెలవులు. ఆ విడత పట్టుగూళ్ళు బాగా దిగాయన్న సంబరంతో ఇంటిల్లిపాదీ దిబ్బూరహళ్ళిలో పొద్దున్నే బస్సెక్కి, కొత్తగా పెట్టిన నీళ్ళ పార్కుకు వచ్చారు. కొడుకు రవీంద్ర, కోడలు హేమావతి జారుడుబండ మీద చిన్నపిల్లల్లా కేకలు పెడుతున్నారు. ముసలివాళ్ళిద్దరూ మనవరాలితో గోడవార నీడలో చాప పరుచుకున్నారు.

మనవరాలు నేత్రకు ఐదేళ్ళు. రవీంద్రకు పెళ్ళయి తొమ్మిదేళ్ళు పిల్లలు లేరు. విదురాశ్వత్థ గుడిలో పిల్లల కోసం నాగులరాయి నిలబెట్టాక, ఏడాది తిరక్కుండా ఈ పిల్ల పుట్టింది. అప్పటినుంచి ఆ ఇంట్లో పాము మీద ఎవరూ కట్టె ఎత్తరు.

పాము పడగ విప్పింది.

"చూసినావా, బిడ్డను చూసేదానికే వచ్చినాడు." వెంకటరాయప్ప ముద్ద వదిలేసి చేతులు జోడించాడు. "పడగెత్తి ఆశీర్వాదం చేస్తాండాడు."

"విదురాశ్వత్థ యాడ, ఈ పార్కు యాడ! ఇంత దూరం ఎట్ల వచ్చినాడో!"

"మన మాదిరి ఆయప్పకు బస్సు కావాల్నా?"

మునిరత్నమ్మ పిల్ల కోసం తెచ్చిన పాలు ఫ్లాస్కు మూతలోకి వంచింది.

"నేత్రా, నువ్వే పెట్టాల. నీ కోసమే వచ్చినాడు. ముందర పెట్టి దండం పెట్టుకో."

పిల్ల తాత ముఖం చూసింది.

తాత తల ఊపాడు.

మూతను రెండు చేతులా పట్టుకుని, పాలు తొణక్కుండా, ఒక్కొక్క అడుగే వేసింది నేత్ర.

పాము బుస్సుమంది.

పిల్ల ఇంకో అడుగు వేసింది.

గోడ పక్కనుంచి ఎవరో గాలిలా వచ్చాడు. పిల్ల నడుము పట్టి ఎత్తి ఇవతలికి విసిరాడు. పిల్ల గడ్డిలో పడి ఘొల్లుమంది. పాలన్నీ ఒలికిపోయాయి.

వెంకటరాయప్ప పిల్లను లేపి వెనక్కి తిరిగేసరికి, ఆ మనిషి పాము తోక పట్టి, కట్టె ఊతంగా దాన్ని గోనెసంచిలోకి దింపుతున్నాడు. బక్కమనిషి. మట్టిరంగు చొక్కా, తలకు తువ్వాలు, కాళ్ళకు చెప్పులు లేవు.

"బుద్ధుండాదా నీకు? నాగప్పను తోక పట్టి ఈడుస్తావా!"

"పాలు పెట్టేదానికి పసిబిడ్డను పంపిస్తారా పెద్దాయనా?" అన్నాడతను. కోపంగా కాదు.

"ఆశీర్వాదం చేసేదానికి పడగెత్తితే..."

"బెదిరి ఎత్తిందప్పా. ఇంకొక్క అడుగేసింటే కొట్టేది."

"నువ్వా మాకు చెప్పేది! నాగులరాయి నిలబెట్టినోళ్ళం మేము!"

మునిరత్నమ్మ కూడా అందుకుంది.

"సంచిలో వేసుకొనిపోయి యాడ అమ్ముతావు? సంతలో ఆడిస్తావా? దేవుడంటే నీకేం తెలుస్తాదిలే!"

అతను సంచి మూతి కట్టాడు.

"బిడ్డకు దెబ్బ తగిలిందేమో చూసుకోమ్మా" అని, పట్టుపురుగుల తట్టను ఎత్తినంత పదిలంగా సంచిని ఎత్తుకుని, గోడ వెంబడి వెళ్ళిపోయాడు.

వెంకటరాయప్పకు కడుపుమంట తీరలేదు. పిల్లను చంకనేసుకుని గేటు దగ్గరకు నడిచాడు. కాపలాదారు పిళ్ళప్ప కుర్చీలోంచి లేచాడు.

"మీ పనోడు ఒకడు నాగప్పను సంచిలో కుక్కినాడు. నా మనవరాలిని ఎత్తి విసిరేసినాడు. వాన్ని పనిలోనుంచి తీసేయాల!"

"బిడ్డ యాడ ఉండె, అది బయటికొచ్చినప్పుడు?"

"ఎదురుగానే. పాలు పెట్టబోయింది."

పిళ్ళప్ప పిల్ల వైపు చూశాడు. దగ్గరికొచ్చి చేతులు, కాళ్ళు తడిమాడు.

"కరవలేదు గదా? పోయిన నెల మా తోటమాలి ఇట్లే దండం పెట్టబోయినాడప్పా. వారం దినాలు ఆసుపత్రిలో ఉండాడు. చెయ్యి ఇంకా సరిగ్గా ముడుచుకోదు."

వెంకటరాయప్పకు తను తల ఊపడం గుర్తొచ్చింది.

పిల్లను గట్టిగా గుండెకు అదుముకున్నాడు. నేత్ర అప్పటికే ఏడుపు మరిచి, పిళ్ళప్ప ఈల కావాలని చెయ్యి చాపుతోంది.

"ఆయప్ప యాడికి పోయినాడు? ఒక్క మాట చెప్పాల నేను."

"పోయినాడప్పా. మా పనోడు కాదు ఆయన. ఆ సంచితో ఒక్క నిమిషం నిలబడడు."

రవీంద్ర, హేమావతి తడిబట్టలతో నవ్వుకుంటూ వచ్చారు. మునిరత్నమ్మ చాప చుట్టుకుని వెనకే వచ్చింది.

"నాన్నా, బస్సు టైమయింది, పాండి" అన్నాడు రవీంద్ర.

"ఉండురా." వెంకటరాయప్ప కదల్లేదు. "ఏమప్పా, మీ పనోడు కాదంటే ఆయప్ప పాములోడా?"

పిళ్ళప్ప గోడ అవతలికి చెయ్యి చూపించాడు. ముళ్ళపొదలు, రెండు పుట్టలు. ఆ పొదల్లోకి మట్టిరంగు చొక్కా దిగిపోతోంది.

"చెన్నరాయప్ప అంటారప్పా ఆయన్ని. ఈ పార్కు జాగా అంతా ఒకప్పుడు ఆయన పొలమే. మా యజమానులు ఎన్నిసార్లు అడిగినా ఆ ఇరవై గుంటలు మాత్రం అమ్మలేదు, నాగప్పలకు ఇల్లు లేకుండా పోతాదని."