అసలైన హ్యాండిల్

"ఈ హ్యాండిల్ ఎవడు పెట్టాడు?"

పుస్తకం సారు అడిగింది బండి గురించే. గొంతు మాత్రం ఇంట్లో దొంగ దొరికినట్టుంది.

"నేనే పెట్టించాను," అంది నర్సమ్మ. ఆస్పత్రి డ్యూటీ దిగి, అవే బట్టల్లో, అదే బండి మీద విడిభాగాల షాపుకి వచ్చింది. శనివారాల్లో సారు కొలువు తీరేది అక్కడే.

పాత మోటారుసైకిళ్ల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. ఈ మోడల్ మీద పుస్తకం రాసినవాడు భూప్రపంచంలో తనొక్కడేనని ఆయనే పదిమందికీ చెబుతుంటాడు. పుస్తకం సారన్న పేరు అలా వచ్చిందే. ఇంత పాత బండి ఇకమీదట రోడ్డు మీద తిరగాలంటే, కంపెనీ ఇచ్చిన రూపం చెక్కుచెదరలేదని ఆయన సంతకం పెట్టాలి. పెట్టకపోతే సోమవారంతో గడువు తీరి తుక్కు యార్డే గతి. ఆ సంగతి ఆమెకి తెలుసు. ఆయనకి ఇంకా బాగా తెలుసు. అందుకే కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

"మరి పాతదేదీ?"

"ఇనప సామానువాడికి ఇచ్చేశాను."

సారు కుర్చీలోంచి ఇంతెత్తున లేచాడు. "ఇచ్చేశావా! ఎలా ఉండేదది?"

"వంకరగా ఉండేది. కుడివైపు పిడి వెనక్కి వచ్చేసి ఉండేది. వారం నడిపేసరికి భుజం పట్టేసింది."

"వంకరట! విన్నావటయ్యా?" అన్నాడు షాపాయన వైపు తిరిగి. "అమ్మా, దాన్ని వంకర అనరు. ఈ మోడల్‌కి అందమే అది. కుడి పిడి మూడంగుళాలు వెనక్కి ఉంటుంది. పద్దెనిమిదో పేజీ. మా సంఘంలో నలభై బండ్లున్నాయి, నలభైకీ అలాగే ఉంటుంది."

"వాళ్లకి భుజాలు నొప్పెట్టవా?"

"పెడతాయి. ఓర్చుకుంటారు. బండికి తగ్గట్టు మనిషి మారాలిగానీ, మనిషికి తగ్గట్టు బండి మారుతుందా?"

షాపాయన తన కుడిభుజం ఒకసారి నొక్కుకున్నాడు. ఆ నలభైలో ఆయన బండీ ఒకటి.

"సరే, ఈ తిన్నది ఎక్కడ కొన్నావు?" అన్నాడు సారు.

"కొనలేదు. మా ఇంట్లో అటక మీద గోనెసంచిలో పడుంటే దింపాను. రెండో అద్దం, కుడివైపు సంచీ కూడా అందులోవే."

"అటక మీది చెత్తంతా తెచ్చి దీనికి తగిలించావన్నమాట! ముందు అవన్నీ పీకించు. అద్దం ఎడమవైపు ఒక్కటే. సంచీ ఎడమవైపే. హారన్ మీట, లైటు మీట అన్నీ ఎడమవైపే. కంపెనీవాళ్లు ఎంత తెలివైనవాళ్లో చూడు, కుడిచేతిని యాక్సిలరేటర్‌కి వదిలేసి చాకిరీ మొత్తం ఎడమచేతికి అప్పజెప్పారు. ఏమయ్యా, మన హ్యాండిళ్లు తీయి."

షాపాయన నాలుగు హ్యాండిళ్లు తెచ్చి బల్ల మీద పరిచాడు. ఒకటి మెరుపుపూతది, ఒకటి నల్లది, ఒకటి పొడుగుది, ఒకటి పొట్టిది. నాలుగింటికీ కుడి పిడి వెనక్కే ఉంది. సారు కొలతలిచ్చి దగ్గరుండి చేయించినవి మరి.

"ఏదో ఒకటి ఎంచుకో. బిగించుకుని రా. సంతకం పెడతాను."

ఆమె నాలుగూ పట్టుకు చూసింది. నాలుగూ పక్కకి నెట్టేసింది. "నాకొద్దు. కంపెనీ ఇలా చేసిందని ఎవరు చెప్పారు మీకు?"

ఆ ప్రశ్న సారుని ముప్ఫై ఏళ్లలో ఎవరూ అడగలేదు. ఆయన మొహం జేవురించింది. ఏం చూసుకుని ఈవిడకింత పొగరు?

"నాకొకడు చెప్పాలా?" తన చేతిసంచీలోంచి పుస్తకం తీసి ఆమె ముందు దబ్బున పడేశాడు. "అట్ట మీద చూడు. నా కళ్లతో చూసి, నా చేత్తో తీసిన ఫొటో. ఒక ఆఫీసు బయట నిలబెట్టుంది. మనిషి లేడు. గీత పడలేదు, రంగు పోలేదు. కంపెనీలోంచి అప్పుడే దిగినట్టుంది. దాన్ని చూసి కొలతలు రాసుకున్నాను. నా పుస్తకమంతా ఆ ఒక్క బండే!"

నర్సమ్మ ఫొటోని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. నోరు పడిపోయింది, అంతే కావాలి అనుకున్నాడు సారు.

"ముందు మడ్‌గార్డు మీద నంబరుంది. కాస్త చదవండి," అంది షాపాయనతో.

ఆయన చదివాడు. గుమ్మంలోకి వెళ్లి ఆమె బండి నంబరు చూశాడు. తిరిగొచ్చి మళ్లీ ఫొటో చూశాడు.

"సార్, ఇదీ అదీ ఒకటే బండి!"

సారు గుమ్మం వైపు తిరిగి బండికి దణ్ణం పెట్టాడు. మరుక్షణం కోపం నషాళానికెక్కింది. "ఆ బండా! ముప్ఫై ఏళ్లుగా నేను దేవుడిలా కొలుస్తున్న బండా! దాని హ్యాండిల్‌ని ఇనప సామానుకి వేశావా? నీకు చేతులెలా వచ్చాయమ్మా? నీలాంటి దానికి బండెందుకు? తుక్కులో పోనీ!"

ఫారం లాక్కున్నాడు. 'అసలు రూపం చెడగొట్టినందున తిరస్కరించడమైనది' అని కాగితం చిరిగేలా రాశాడు. సంతకం గీకి, ముద్ర కొట్టాడు.

నర్సమ్మ ఆ ఫారం తీసుకోలేదు. పుస్తకాన్ని మాత్రం మెల్లగా ఆయన వైపు జరిపింది.

"కంపెనీ ఇచ్చిన హ్యాండిల్ ఇప్పుడు బండికున్నదే సార్, మీరు కొలతలు రాసుకున్నది మా నాన్న పెరట్లో నీళ్ల పైపు వంచి చేసుకున్నది, ఆయనకి పుట్టుకతోనే కుడిచెయ్యి మూడంగుళాలు పొట్టి."