పచ్చిక చుట్టూ దారి

"అటు కాదమ్మా, అటు కాదు! గడ్డి తొక్కకూడదు."

టెంపరరీ సార్ కేకకి ఆమె పచ్చిక మీద మోపబోయిన కాలు చటుక్కున వెనక్కి తీసుకుంది.

"కొత్తవాళ్లు చేసే పొరపాటేలెండి. పర్మనెంటు మాస్టార్లు తప్ప ఎవరూ దీని మీద నడవకూడదని స్థాపకుడుగారి ఆజ్ఞ. మనబోటివాళ్లం ఇదిగో, ఇలా చుట్టూ తిరిగి పోవాలి. ఇన్నేళ్లలో నా చెప్పులరిగింది పాఠాలు చెప్పి కాదు, దీని చుట్టూ తిరిగి."

ఆమె నవ్వలేదు. తల వంచుకుని ఆయన వెనకే కంకర దారిన నడిచింది.

చరిత్ర శాఖలో ఏడాదికేడాది పొడిగించే కాంట్రాక్టు మీద పదకొండేళ్లుగా నెట్టుకొస్తున్న మనిషికి పిల్లలు పెట్టిన పేరు 'టెంపరరీ సార్'. మొదట్లో చాటుగా అనేవారు, తర్వాత మొహమ్మీదే అన్నారు. ఇప్పుడు ఆయనే ఫోనెత్తి "టెంపరరీ సార్ని మాట్లాడుతున్నా" అంటున్నాడు. మనిషికి దేనికైనా అలవాటు పడిపోయే జబ్బుంది.

శాఖలో ఒక్కటంటే ఒక్క పర్మనెంటు పోస్టుంది. మధ్యాహ్నం దానికి ఇంటర్వ్యూ. వచ్చే నెలతో ఆయన వయసు హద్దు దాటిపోతుంది కాబట్టి ఇవాళ కాకపోతే ఇక ఈ జన్మకి లేదు. సెలవుల్లో కాంట్రాక్టువాళ్లకి ఇక్కడ పనుండదు. నెల తర్వాత ఇవాళే గేటు లోపల అడుగుపెట్టాడు. పెట్టగానే శాఖాధిపతి ఈ అమ్మాయిని అప్పజెప్పి, "కాస్త అన్నీ తిప్పి చూపించండి, మీకంటే ఎవరికి తెలుసు?" అని చక్కా పోయాడు. ఆమె చేతిలో ఫైలు, ఇస్త్రీ మడత నలగని బట్టలు, మొహంలో కంగారు. తనలాగే ఇంటర్వ్యూకి వచ్చిందనుకున్నాడు ఆయన. పోటీకి వచ్చిందని మొహం మాడ్చుకునే రకం కాదు.

"ఈ విగ్రహం ఆయనదే. బిస్కెట్ల వ్యాపారి. కొడుక్కి ఎక్కడా సీటు రాలేదని పంతానికి పోయి ఏకంగా యూనివర్సిటీయే కట్టించాడు."

"మరి ఆ కొడుకు?"

"ఇక్కడా తప్పాడు. ఆ మాట మాత్రం శిలాఫలకం మీద చెక్కలేదు!"

ఈసారి ఆమె కొద్దిగా నవ్వింది. ఆయనకు హుషారొచ్చింది. పాఠాలు చెప్పే పెద్ద హాలు తలుపు తోసి చూపించాడు.

"భోజనాల తర్వాత క్లాసు పడితే యుద్ధాలు చెప్పండి. ఒప్పందాలు మొదలుపెట్టారో, ఇక గురకలే. ఇక్కడి పిల్లలు కార్లలో దిగుతారు, మొదటి నెల మనల్ని మనుషుల్లో జమకట్టరు. కోపం తెచ్చుకోకండి. పరీక్షలు దగ్గరపడితే వాళ్లే మన గుమ్మంలో పడిగాపులు కాస్తారు. పాపం, ఇళ్లల్లో వాళ్లతో మాట్లాడేవాళ్లే ఉండరు."

"మీకు వాళ్లంటే చాలా ఇష్టం కదా సార్?"

"ఇష్టం లేకపోతే ఎప్పుడో మానేసేవాణ్ణి."

స్టాఫ్‌రూములో నీళ్ల ఫిల్టరు పక్కన ఇరుకుగా ఉన్న తన బల్ల చూపించాడు. పోస్టు వచ్చినవాళ్లకి పక్కగది సొంతంగా ఇస్తారట. తలుపు అద్దంలోంచి దాని లోపలికి తొంగి చూశాడు. కిటికీకి కొత్త కర్టెన్, బల్ల మీద కొత్త దీపం.

"చూశారా! ఎవరు వచ్చినా ఇబ్బంది పడకుండా ముందే సిద్ధం చేసిపెట్టారు. పెద్ద సంస్థంటే అదీ!"

ఆమె ఆ గది వైపు రాలేదు, దూరంగానే నిలబడిపోయింది.

ఇంతలో ఫోను మోగింది. భార్య.

"ఏమండీ, పిలిచారా?"

"ఇంకా లేదే."

"రాకపోయినా పర్లేదండీ. పోయినసారిలా స్టేషన్లో కూర్చుండిపోకుండా తిన్నగా ఇంటికొచ్చేయండి. చాలు."

సరేనని పెట్టేశాడు. పోయినసారి ఆయన స్టేషన్లో ఎందుకు కూర్చున్నాడో ఆయనకూ భార్యకీ తప్ప ఎవరికీ తెలియదు. రైలు ఎక్కడానికి మాత్రం కాదు.

"మా ఆవిడకి ఆశ లేదు. ముగ్గురు అభ్యర్థులన్నా లేకపోతే ఇంటర్వ్యూ చెల్లదు, లెక్కకోసం పిలిచుంటారంటుంది. నాకూ లేదనుకోండి. కానీ ఈసారి హెడ్డుగారే మూడుసార్లు ఫోన్ చేసి, తప్పకుండా రావాలన్నారు. ఎన్నడూ లేనిది! అందుకే ఎక్కడో చిన్న ఆశ."

ఆమె ఫైలుని గుండెలకి అదుముకుంది.

"సార్... మీరు లోపలికి వెళ్లకండి. ఇంటికెళ్లిపోండి."

ఆయన తెల్లబోయాడు. మరుక్షణం పకపకా నవ్వాడు.

"ఓహో, పోటీ తగ్గించుకుందామనే! గడుసుదానివేనమ్మా."

"అది కాదు సార్..."

"భయపడకండి. లోపలున్నదీ మనుషులే. మీకింకా వయసుంది, నాకు లేదు. అంతే తేడా."

కాన్ఫరెన్స్ హాలు దగ్గర అటెండరు తలుపు ఓరగా తీసి, "టెంపరరీ సార్, మిమ్మల్నే!" అని పిలిచాడు. ఆయన గబగబా చొక్కా సర్దుకుని, అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"నాకు రాని పక్షంలో మీకే రావాలమ్మా. నిజంగా అంటున్నా. మా పిల్లల్ని మీరైతే బాగా చూసుకుంటారు."

ఆమెకు ఏడుపాగలేదు. ఇంత మెత్తని పిల్ల ఇంటర్వ్యూలో ఎలా నెగ్గుకొస్తుందోనని జాలిపడుతూ ఆయన లోపలికి వెళ్లాడు. వెనక తలుపు మూసుకుంది.

ఆ ఉద్యోగంలో ఆమె చేరి అప్పటికే వారమైంది.