డ్రైవర్ వైపు తలుపు

"వేలు తియ్! ముందు వేలు తియ్యి!"

క్లెయిముల ఆఫీసరు వేసిన కేకకి పోటీ హాల్లో ఉన్న బొమ్మ కార్లన్నీ ఉలిక్కిపడ్డట్టయింది.

వేలు పెట్టిన ముసలాయన మాత్రం ఉలిక్కిపడలేదు. జానెడు పొడవున్న నీలం లారీ మీద నుంచి తాపీగా వేలు తీశాడు.

"చూడ్డానికి పెట్టాం, తాకడానికి కాదు. బోర్డు కనబళ్లేదా?"

"కనబడిందండి. బండి బాగా చేశారు. కాకపోతే..."

"ఊఁ, కాకపోతే?"

"ఎవరూ నడపని బండిలా ఉందండి."

ఆఫీసరుకి అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆయన పనిచేసేది ఇన్సూరెన్స్ కంపెనీలో. ఎవరి బండికి సొట్ట పడినా 'ఇది పాత సొట్టే' అని తేల్చి క్లెయిము కొట్టేయడం ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి, కొత్త బొమ్మ బండికి పాత సొట్టలు పెట్టడం సరదా.

ఈ లారీకి ఎనిమిది నెలలు పట్టింది. వెండి పూత మీద ఉప్పురాళ్లు అద్ది, పైన నీలం రంగు కొట్టి, ఆరాక రాళ్లు గీకి పెచ్చులు లేపాడు. స్పాంజి ముక్కతో తుప్పు అద్దాడు. రంగు సుద్దలు నూరి చక్రాలకి దుమ్ము పట్టించాడు.

"ఆ చేత్తోనే మన కారు మీద దుమ్ము తుడవచ్చుగా" అని భార్య ఎనిమిది నెలలూ సణిగింది.

"ఆ దుమ్ము వేరు, ఈ దుమ్ము వేరు" అన్నాడాయన.

ఇంత తపనా పళ్ల డాక్టరు మీద పంతంతోనే. ఈ బొమ్మ బండ్ల పోటీలో వరసగా మూడేళ్లు ఆయనే కప్పు ఎగరేసుకుపోయాడు. పైగా ఏటా భుజం తట్టి ఓదార్చాడు. కప్పు పోతే పోయింది, ఆ ఓదార్పు నాలుగోసారి భరించడం ఆఫీసరు వల్ల కాదు.

"నేనేం ఊహించి చెయ్యలేదయ్యా. ఇదిగో, అసలు బండి ఫోటో. పాత పుస్తకాల కొట్లో దొరికింది. భూతద్దం పెట్టి లెక్కపెట్టాను. పదిహేడు తుప్పు మచ్చలు. అక్కడ పదిహేడు, ఇక్కడా పదిహేడు!"

ముసలాయన ఫోటో చేతిలోకి తీసుకున్నాడు. లారీ కంటే దాన్నే ఎక్కువసేపు చూశాడు.

"ఇంకెవరి దగ్గరైనా ఉందాండీ, ఈ ఫోటో?"

"నీకెందుకు? ఇటియ్."

ఇచ్చాడు. ఇచ్చి, మళ్లీ లారీ మీదికి వంగాడు.

"డ్రైవర్ వైపు తలుపండీ. కిటికీ అంచు కింద. ఇక్కడ తుప్పుండదు, రంగూ ఉండదు. నున్నగా ఉంటుంది."

అంటూనే బొటనవేలు నాలికతో తడి చేసుకుని గట్టిగా నాలుగు రుద్దులు రుద్దాడు.

దుమ్మూ తుప్పూ నీలం రంగూ లేచిపోయి, కింద వెండి పూత తళుక్కుమంది.

"ఎనిమిది నెలలు! నా ఎనిమిది నెలలు నీ ఎంగిలితో తుడిచేశావ్ కదయ్యా! ఎవడు రానిచ్చాడు నిన్ను లోపలికి? వాచ్‌మన్, గెంటెయ్ ఇతన్ని!"

అప్పుడు చూశాడు ఆఫీసరు ఆ మనిషి వాలకం. ఒక చేతికి చొక్కా మోచేతి పైదాకా మడిచి ఉంది. ఆ చెయ్యి బొగ్గులా నలుపు. రెండో చేతికి మణికట్టు దాకా గుండీ పెట్టి ఉంది. ఆ చెయ్యి చామనఛాయ.

"రంగుల గురించి నాకు చెప్పొచ్చాడు! ముందు నీ చేతులు రెండూ ఒక్క రంగులోకి తెచ్చుకో పో!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అందరికంటే గట్టిగా పళ్ల డాక్టరు నవ్వాడు.

"ఇవి ఇంక కలవవండి" అన్నాడు ముసలాయన. వాచ్‌మన్ రెక్క పట్టుకునేలోపే నడిచి వెళ్లిపోయాడు.

తలుపు సరిచేసే వ్యవధి లేదు. జడ్జి వచ్చేశాడు.

పదిహేడు మచ్చలనీ దాటేసి, సరిగ్గా ఆ తలుపు దగ్గరే ఆగాడు.

"అది... ఎవడో పిచ్చివాడు సార్..."

"పిచ్చివాడేంటండీ, ఇరవయ్యేళ్లుగా జడ్జిని నేను! అందరూ తుప్పు పట్టిస్తారు. డ్రైవరు మోచెయ్యి ఆనీ ఆనీ అరిగిన చోటు ఒక్కరు కూడా పెట్టలేదు. మిగతాదంతా బొమ్మ, ఇదొక్కటీ లారీ. ఎలా తట్టింది మీకు?"



"పరిశీలన సార్" అన్నాడు ఆఫీసరు.

కప్పు వచ్చింది. పళ్ల డాక్టరు మొహం పిప్పిపన్నులా మారింది. అయినా ఆఫీసరు కోపం దిగలేదు. తప్పు చేసినవాణ్ని తిట్టడం ఆయనకి అలవాటే. ఒప్పు చేసినవాణ్ని తిట్టేశాక ఏం చెయ్యాలో తెలియలేదు.

గేటు దగ్గర వాచ్‌మన్ సలాం కొట్టాడు.

"ఆ ముసలాయన ఇందాకటి దాకా ఇక్కడే ఉన్నాడు సార్. ఆ ఫోటో ఇంకొక్కసారి చూపిస్తారా అనడిగాడు. నేనే తరిమేశాను."

"ఎటెళ్లాడు?"

"చూళ్లేదు సార్. మీరే కదా గెంటెయ్యమన్నారు!"

ఇంటికొచ్చి కప్పుని కుర్చీలోకి విసిరేశాడు. భార్య కప్పు జోలికి పోకుండా ఫోటో అందుకుంది.

"ఏవండీ, ఈ చెయ్యి ఎవరిది?"

"చెయ్యేంటి! అది మరక. ఎనిమిది నెలలుగా చూస్తున్నాను."

"మరకకి మోచెయ్యి ఉంటుందా?"

"నీకు కళ్లజోడు మార్చాలి" అని కసురుకుని, ఆమె చేతిలోంచి ఫోటో లాక్కుని, భూతద్దం పెట్టాడు.

కిటికీ అంచు మీద, చొక్కా మోచేతి పైదాకా మడిచిన నల్లటి చెయ్యి ఆని ఉంది. దుమ్ము పట్టిన ముందు అద్దం వెనక స్టీరింగు పట్టుకున్న రెండో చేతికి, మణికట్టు దాకా గుండీ పెట్టి ఉంది.