అవతలి కొమ్మ

చెవులిటు పెట్టండి తల్లీ! ఒక అడవిలో కొండముచ్చుల గుంపు ఉండేది. అందులో ఎవరు పోయినా మిగతావన్నీ ఆ ఒంటిని నిమిరి, ఆఖరిసారి పేలు తీసి సాగనంపేవి.

ఆ ఏడు నెత్తురు కక్కించే జ్వరం వచ్చింది. పోయినవాటిని నిమిరినవే పక్షం తిరిగేసరికి పడిపోయాయి.

జ్వరం తగిలిన ముసలితల్లి తన కూతురు నీలాలుతో, "అవతలి కొమ్మ మీదే ఉండమ్మా" అని చెప్పి కన్నుమూసింది.

"కన్నతల్లినే తాకవా? అది గుండెనా, బండరాయా?" అని పిన్ని దెప్పింది.

"అమ్మే వద్దంది పిన్నీ. ఈ చేతులతోనే కదా నా బిడ్డని ఎత్తుకోవాలి!" అంటూ నీలాలు ఏడ్చింది.

ముసలితల్లి ఒంటి మీదికి చాచిన చెయ్యిని పిన్ని వెనక్కి తీసుకుంది.

అమ్మ ఒంటి మీద పేలు చూడాల్సినంత సేపూ నీలాలు అవతలి కొమ్మ మీదే బిడ్డకి పేలు చూస్తూ కూర్చుంది. ఆ సేవను దేవుడు ఆ ముసలితల్లికే చేర్చాడని నా నమ్మకం.