కేబుల్ ఎటు గుచ్చాడో!

కంప్యూటర్ పెట్టెలోకి కొత్తగా వచ్చిన చిన్న గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్‌లోనే కాపురముండే పాత గ్రాఫిక్స్ చిప్పును చూసి ఫ్యాన్ ఎగరేసింది. "మామా, నువ్వు అందరూ పంచుకునే ర్యామ్ కంచంలో తింటావు. నా మెమరీ నాకుంది. చూస్కో!"

రేసు ఆట మొదలైంది. కారు మూలుగుతూ కదిలింది.

"దండగమారి కార్డు! రేపే వాపసిచ్చేస్తా," యజమాని అరిచాడు.

కార్డు లబోదిబోమంది. "నేనింకా మొదలే పెట్టలేదు!"

పెట్టె వెనకున్న బల్లి కిచకిచ నవ్వింది. "ఎలా పెడతావే? తెర కేబుల్ మీ మామ వైపు గుచ్చాడు. ఆటంతా ఆయనే లాగుతున్నాడు."

చిప్పు ఆయాసపడుతోంది. నోరు మూసుకుంటే చాలు, రేపటితో పోటీ ఉండదు.

"మామా..." అంది కార్డు.

చిప్పు పని ఆపేసింది. తెర నల్లబడింది. యజమాని తిట్టుకుంటూ పెట్టె వెనక్కి వంగి, కేబుల్ చూసి నాలుక కరుచుకున్నాడు. మార్చగానే కారు రివ్వున దూసుకెళ్లింది.

"ఎంత జాలి గుండె!" అంది బల్లి.

"జాలా? సినిమాలంటే నెట్టుకొస్తాను గానీ, ఇంకో రౌండు రేసంటే చచ్చేవాణ్ణే!"