వాడిన వల

“ఈ వల వాడిందేనా అమ్మా?” కాలేజీలో మీడియా పాఠాలు చెప్పే రోజలిన్ అడిగింది.

“వాడిందే మేడమ్,” అంటూ ఈశ్వరి చేపల తట్ట నెత్తికెత్తుకుని అమ్మకానికి వెళ్లిపోయింది.

రుషికొండ ఒడ్డున ఆ రోజు వర్క్‌షాప్. చెత్తతో స్వయంగా ఒక బొమ్మ చెయ్యాలి, దాన్ని వీడియో తియ్యాలి, భూమిని కాపాడాలి. అంతా భోజనాల లోపే. విద్యార్థులు ఇసుకలో ఆరేసిన వలను కత్తిరించి, మెలిపెట్టి, కుట్టి, ముచ్చటైన తాబేలును చేశారు. దాని వెనక సరికొత్త ఫ్లెక్సీ కట్టారు: ‘సముద్రాన్ని బతకనిద్దాం’.

ఖాళీ తట్టతో తిరిగొచ్చిన ఈశ్వరి ముందు రోజలిన్ మైకు పెట్టింది. “మీ పాత వల ఎంత అందంగా మారిందో చూశారా? ఎలా అనిపిస్తోంది?”

ఈశ్వరి తాబేలును తడిమింది. ముడులు గుర్తుపట్టింది.

“ఇదేటి మేడమ్, ఇలగ సేసినారు! నిన్న వాడినాం, రేపూ వాడాల. నిజం తాబేలు సిక్కుకుంటే, దాన్ని ఒదిలీడానికి మా వల మేమే కోసుకుంతాం. బొమ్మ తాబేలుక్కూడా కోసీడమేటి?”

రోజలిన్ కళ్లు తుడుచుకుంది.

“అద్భుతంగా చెప్పారమ్మా. కాస్త ఇటు జరిగి, ఫ్లెక్సీ కనిపించేలా ఇంకోసారి చెప్పండి.”