జాబితాకెక్కని పేరు

ఆసియా చేతిలోని కొవ్వొత్తి గాలికి మూడోసారి ఆరిపోయింది.

పక్కన నిలబడ్డ పెద్దాయన తన కొవ్వొత్తి వంచి వెలిగించి పెట్టాడు.

థాంక్సండి అనబోయి ఆగిపోయింది. పోలీసును గుర్తుపట్టడానికి తెనాలిలో ఎవరికీ చదువు అక్కర్లేదు. కురచ జుట్టు, తోలు బూట్లు, నిటారుగా నిలబడే తీరు. మఫ్టీలో వచ్చాడని తేల్చేసుకుంది.

గాంధీచౌక్‌లో ఆ సాయంత్రం అరవై మంది దాకా చేరారు. యుద్ధం ఆపాలని అట్టల మీద రాసుకొచ్చారు. అందరూ శాంతి కోసం వస్తే, ఆసియా భర్త కోసం వచ్చింది. ఫోటోల్లో పడకుండా కొంగు ముఖం మీదికి లాక్కుని మరీ నిలబడింది.

పరాయి దేశంలో పనికెళ్ళిన ఆమె భర్త ఫహీం ఉన్న ఊరి మీద తొమ్మిది రోజులుగా బాంబులు పడుతున్నాయి. ఫోను కలిసి నాలుగు రోజులైంది. యజమాని పెట్టే బాధలు పడలేక ఎప్పుడో పారిపోయాడు. పాస్‌పోర్టు ఆ యజమాని దగ్గరే ఉండిపోయింది. అప్పట్నుంచీ దొంగచాటు బతుకే. ఈ సంగతి బయటపడితే ఫహీంను అక్కడ జైల్లో వేస్తారని భయపడి, ఎవరికీ చెప్పనని అత్త జానీ బీ ఆమె చేత ఒట్టు వేయించుకుంది.

"మీవాళ్ళెవరైనా అక్కడున్నారామ్మా?" పెద్దాయన మెల్లగా అడిగాడు.

ఆసియా కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. "లేరండి."

"ఉంటే చెప్పమ్మా. పేరు, ఉండే వీధి చాలు. కాగితాలు లేకపోయినా ఫర్వాలేదు."

కాగితాల మాట వినగానే ఆసియా ఒక అడుగు వెనక్కి వేసింది. అన్నీ తెలుసుకునే వచ్చాడన్నమాట.

"లేరని చెప్పాను గదండి. ఊరికే వచ్చాను."

ఆయన తల ఊపి ముందుకు కదిలాడు. ఆ పక్కన, పేరాల ఊరి నుంచి వచ్చిన సల్మా అనే పిల్లను అదే అడిగాడు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ అంతా చెప్పేస్తుంటే చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.

అయ్యో, మొగుణ్ణి చేజేతులా పట్టించేసిందే అని ఆసియా జాలిపడింది. వెళ్ళి ఆపుదామనుకుంది గానీ కాళ్ళు రాలేదు. కొవ్వొత్తి ఆర్పేసి, వెనక్కి చూడకుండా ఇంటికి వచ్చేసింది.

నోరు జారనందుకు జానీ బీ మెచ్చుకుంది.

నాలుగో రోజు పొద్దున వాళ్ళ వీధిలోనే ఉండే ఉషశ్రీ వచ్చింది. కొవ్వొత్తుల సభ పెట్టించిన లెక్చరర్ ఆవిడే. పట్టలేని సంతోషంతో ఉంది.

"సల్మా వాళ్ళాయన బయటపడ్డాడు. మొత్తం పదకొండు మందిని వ్యాన్లో సరిహద్దు దాటించారు. నీ పక్కన నిలబడ్డారే, రేపల్లె వెంకటరత్నం గారు, అంతా ఆయన చలవే."

మిగతావాళ్ళను ఎప్పుడు తెస్తారని ఆసియా అడిగింది.

"ఇంకెక్కడ? ఆ వ్యాను దాటిన గంటకే దారులన్నీ మూసేశారు. ఇంకో ముగ్గురికి చోటున్నా పేర్లిచ్చినవాళ్ళు లేరని ఆయన ఒకటే బాధపడుతున్నారు."

"ఆయన పోలీసు కాదా అక్కా?" అంది ఆసియా.

"పోలీసేంటి ఆసియా? అక్కడే పాస్‌పోర్టు లేకుండా ఆరేళ్ళు దాక్కుని బతికొచ్చిన మనిషి, అందుకే కాగితాలు లేనివాళ్ళ కోసమే ఊరూరా తిరుగుతున్నారు."